లంగరు జారిందా, జార్చారా?

శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా, ఆంధ్రప్రదేశ్ తీర నియోజకవర్గాల లోక్‌సభ సభ్యులకు బహిరంగ లేఖ



ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలోని జిల్లా కోర్టు 2025 అక్టోబర్ 3న ఒక కేసు కొట్టేసింది. నేరం రుజువు కాలేదని కాదు, అసలు ఆ కేసు వినే అధికారమే తనకు లేదని. ముద్దాయిలు ముగ్గురు: ‘ఈగిల్ ఎస్’ అనే చమురు నౌక కెప్టెన్, అతని కింద పనిచేసిన ఇద్దరు అధికారులు. ఆ ఇద్దరిలో ఒకరు భారతీయుడు. సరిగ్గా పదకొండు రోజులకు, అక్టోబర్ 14న, గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతానని ఢిల్లీలో ప్రకటించింది. అందులో డేటా సెంటర్‌తో పాటు, అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డెక్కే ద్వారం కూడా ఉంది. రెండో వార్త మన పత్రికల్లో పతాక శీర్షిక అయింది. మొదటిది చాలామంది కంట పడనే లేదు. రెండింటికీ సంబంధం ఉంది కాబట్టే ఈ లేఖ.

ముందు ఆ నౌక సంగతి. 2024 డిసెంబర్ 25, క్రిస్మస్ మధ్యాహ్నం. ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య సముద్రం అడుగున వేసిన ఎస్ట్‌లింక్-2 విద్యుత్ కేబుల్ ఉన్నట్టుండి ఆగిపోయింది. 650 మెగావాట్లు మోసే లైను అది. దాని వెంటే నాలుగు టెలికాం కేబుళ్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ సమయానికి వాటి మీదుగా పోతున్న నౌక ఈగిల్ ఎస్. రష్యాలోని ఉస్త్-లూగా రేవులో పెట్రోలు నింపుకుని ఈజిప్టు వైపు బయల్దేరింది. జెండా పసిఫిక్ మహాసముద్రంలోని కుక్ ఐలాండ్స్‌ది. యజమాని యూఏఈలో రిజిస్టరైన ఒక కంపెనీ. సిబ్బంది జార్జియా వాళ్లు, మన వాళ్లు. ఆంక్షలను తప్పించుకుంటూ రష్యా చమురు మోసే పాత ఓడల దండు ఒకటుంది, ‘షాడో ఫ్లీట్’ అంటారు. ఇది ఆ దండులోదేనని యూరప్ అధికారులు అంటున్నారు. ఇన్ని దేశాల పేర్లు కలిసిన ఓడ తప్పు చేస్తే ఎవరిని అడగాలో ఊహించుకోండి.

ఫిన్లాండ్ గస్తీ నౌక దగ్గరకు వెళ్లి, లంగరు పైకి లాగమంది. గొలుసు పైకి వచ్చింది. చివర లంగరు లేదు. ఆ రాత్రే ఫిన్లాండ్ బలగాలు హెలికాప్టర్లలోంచి డెక్ మీదికి దిగి నౌకను అదుపులోకి తీసుకున్నాయి. సముద్రం అడుగున వెతికితే దాదాపు 90 కిలోమీటర్ల పొడవున ఈడ్చుకుపోయిన గీత కనబడింది. తర్వాత స్వీడన్ నౌకాదళం సాయంతో లంగరూ దొరికింది, సుమారు 11 టన్నులది. మరమ్మతుకు ఆరు కోట్ల యూరోలకు పైనే ఖర్చని ప్రాసిక్యూటర్లు లెక్క చెప్పారు. కరెంటు లైను తిరిగి పనిలోకి వచ్చేసరికి 2025 జూన్ అయింది.

నౌక అధికారుల వాదన ఒక్కటే: లంగరును పట్టి ఉంచే యంత్రంలో లోపం వల్ల అది జారింది, తాము జార్చలేదు. అన్ని టన్నుల ఇనుము అంత దూరం నేలను దున్నుకుంటూ వస్తుంటే ఓడ నడిపేవాళ్లకు తెలియదా అని ఎవరికైనా సందేహం వస్తుంది. సందేహం వేరు, తీర్పు వేరు. కోర్టు ఆ సందేహం దాకా వెళ్లనే లేదు. కేబుళ్లు తెగింది ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల బయట, దాని ప్రత్యేక ఆర్థిక మండలిలో. ఇది నౌకాయానంలో జరిగిన ఘటన అని కోర్టు భావించింది. అలాంటప్పుడు ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందం 97వ అధికరణం ప్రకారం విచారించే హక్కు ఓడ జెండా దేశానికి, లేదా నిందితుల సొంత దేశానికి మాత్రమే ఉంటుంది. అంటే కుక్ ఐలాండ్స్‌కు, జార్జియాకు, మన దేశానికి. పైపెచ్చు కేబుళ్లు తెగిన దేశమే ముద్దాయిల లాయర్ల ఖర్చు, దాదాపు 1,95,000 యూరోలు, కట్టాలని కోర్టు చెప్పింది. ప్రాసిక్యూటర్లు అప్పీలుకు వెళ్లారు.

ఇప్పుడు తైవాన్ చూడండి. 2025 ఫిబ్రవరి 25 తెల్లవారుజామున తైవాన్, పెంఘూ దీవుల మధ్య కేబుల్ తెగింది. అంతకు ముందు రెండు మూడు రోజులుగా ‘హాంగ్ తాయ్ 58’ అనే ఓడ ఆ చుట్టుపక్కలే తచ్చాడుతోంది. కోస్ట్‌గార్డ్ పిలిస్తే పలకలేదు. జెండా ఆఫ్రికాలోని టోగో దేశానిది, లోపల ఉన్న ఎనిమిది మందీ చైనీయులు. జూన్ 12న తైనాన్ జిల్లా కోర్టు కెప్టెన్‌కు మూడేళ్ల జైలు వేసింది. మిగతా ఏడుగురిని వెనక్కి పంపేశారు. ఇక్కడా ఓడది పరాయి జెండాయే, ఇక్కడా సాధనం లంగరే. ఫిన్లాండ్ కోర్టు చేతులెత్తేసిన చోట తైవాన్ కోర్టు శిక్ష ఎలా వేయగలిగింది? తెగిన చోటు తైవాన్ తీరానికి బాగా దగ్గర, సొంత జలాల్లో ఉంది. ఆ జలాల హద్దు ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. ఆ గీతకు ఇవతల తెగితే నేరం, అవతల తెగితే ‘ఘటన’.

యుద్ధం ప్రకటించకుండా పొరుగువాణ్ణి సతాయించే రాజ్యాలకు ఇలాంటి గీతలు బాగా తెలుసు. 2007లో ఎస్టోనియా ప్రభుత్వం తాలిన్ నగరం నడిబొడ్డున ఉన్న సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించింది. ఆ సమయంలోనే మొదలై వారాల తరబడి బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద సైబర్ దాడులు జరిగాయి. రష్యా తనకేం తెలియదంది. చివరికి శిక్ష పడింది ఒక్క కుర్ర విద్యార్థికి, అదీ జరిమానా. 2014లో క్రిమియాలో బిళ్లలు లేని యూనిఫాంలతో సైనికులు దిగితే, వాళ్లు స్థానిక ఆత్మరక్షణ దళాలని పుతిన్ అన్నారు. క్రిమియాను కలుపుకున్నాక, ఏప్రిల్‌లో, మావాళ్లేనని ఒప్పుకున్నారు. దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్ పడవలను చుట్టుముట్టే చైనా పడవలు పైకి చేపల పడవలే. వీటిలో ఏ ఒక్కటీ ఎదుటివాడు తుపాకీ తీసేంత పెద్దది కాదు. అలాగని ఊరుకునేంత చిన్నదీ కాదు. ఆ మధ్య ఖాళీలోనే ఆట సాగుతుంది.

కేబుల్ తెంపడం కొత్తేమీ కాదు. ఎమ్డెన్ పేరు మద్రాసుతో అనుబంధమున్న తెలుగు కుటుంబాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవు బయట నిలబడి బర్మా ఆయిల్ ట్యాంకుల మీద గుళ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక అది. భయంతో చాలామంది జనం నగరం వదిలి పోయారు. అదే ఎమ్డెన్ నవంబర్ 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులకు వెళ్లి, అక్కడి టెలిగ్రాఫ్ స్టేషన్ కేబుళ్లు నరికేందుకు మనుషుల్ని దింపింది. వైర్‌లెస్ స్తంభం మా టెన్నిస్ కోర్టు మీద పడకుండా కూల్చండి బాబూ అని స్టేషన్ సిబ్బంది అడిగితే, జర్మన్లు మర్యాదగా సరేనన్నారట. ఆలోపే ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ వచ్చి ఎమ్డెన్ కథ ముగించింది. తెంపడానికి వచ్చినవాడు ఎవరో, ఎందుకు వచ్చాడో నాడు అందరికీ తెలుసు. ఆ నౌకది సొంత దేశం జెండాయే.

నేడు జెండా అద్దెకు దొరుకుతుంది. సొంత జెండా ఉన్న ఓడను నిలదీయడమూ తేలిక కాదు. 2024 నవంబర్ 17, 18 తేదీల్లో లిథువేనియా-స్వీడన్, ఫిన్లాండ్-జర్మనీ కేబుళ్లు ఒకదాని వెంట ఒకటి తెగాయి. ‘యీ పెంగ్ 3’ అనే చైనా సరుకు ఓడ మీద అనుమానం పడింది. ఇవి పొరపాటున తెగాయని ఎవరూ నమ్మరని జర్మనీ రక్షణ మంత్రి బోరిస్ పిస్టోరియస్ అన్నారు. ఆ ఓడ డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య కట్టెగట్ జలసంధిలో దాదాపు నెల రోజులు లంగరేసి నిలబడింది. చుట్టూ నాటో దేశాల గస్తీ నౌకలు. దర్యాప్తుకు స్వీడన్ ప్రాసిక్యూటర్‌ను చైనా ఓడ ఎక్కనివ్వలేదు, స్వీడన్ పోలీసులు పరిశీలకులుగా మాత్రం ఎక్కారు. డిసెంబర్ 21న ఓడ తన దారిన తాను వెళ్లిపోయింది. అంతకు ముందు ఏడాది, 2023 అక్టోబర్‌లో, ఫిన్లాండ్-ఎస్టోనియా గ్యాస్ పైపులైను ‘న్యూన్యూ పోలార్ బేర్’ అనే ఓడ లంగరుకు తగిలి పగిలింది. నిజమే, మా ఓడ వల్లే, తుపానులో పొరపాటున, అని చైనా ఒప్పుకోవడానికి పది నెలలు పట్టింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఈ కేబుల్ ఘటనల్లో రష్యా ప్రభుత్వ హస్తాన్ని ఇంతవరకు ఏ కోర్టూ నిర్ధారించలేదు. వీటిలో చాలావరకు ప్రమాదాలే అయి ఉండవచ్చన్న అభిప్రాయం అమెరికా, యూరప్ నిఘా సంస్థల్లో బలపడుతోందని 2025 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. అదే నెలలో లాత్వియా-స్వీడన్ కేబుల్ తెగితే స్వీడన్ ‘వెజెన్’ అనే ఓడను పట్టుకుంది. వారం రోజులు దాటగానే అది కుట్ర కాదని, చెడు వాతావరణం, నాసిరకం సామాను, నావికుల అలసత్వం కలిసి చేసిన పని అని తేల్చి వదిలేసింది. ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 దాకా కేబుళ్లు దెబ్బతింటాయి. వాటిలో అత్యధికం చేపల వలల వల్ల, లంగర్ల వల్ల జరిగేవే. నిజమైన దుండగుడు దాక్కునేది ఈ గుంపులోనే. ప్రతి తెగుడుకూ విద్రోహమని అరిస్తే నాలుగోసారి ఎవరూ నమ్మరు. ప్రతిదీ ప్రమాదమేనని ఊరుకుంటే అయిదోసారి నిజంగానే తెంపుతాడు. దీనికి మందు ఆరోపణ కాదు, సాక్ష్యం. సాక్ష్యం కావాలంటే ఓడ ఎక్కాలి. ఓడ ఎక్కాలంటే చట్టం కావాలి.

మీ తీరం సంగతికి వద్దాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 జూన్‌లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం అప్పటికి దేశానికి వచ్చే అంతర్జాతీయ కేబుళ్లు 17, అవి ఒడ్డెక్కే స్టేషన్లు 14. అవన్నీ ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం నగరాల్లోనే. తెలుగు తీరంలో అప్పటికి ఒక్కటీ లేదు. మాదాపూర్‌లో కూర్చుని న్యూజెర్సీ క్లయింటుతో మాట్లాడే ఇంజనీరు మాట చెన్నై మీదుగానో ముంబై మీదుగానో సముద్రంలోకి దిగాల్సిందే. 2008 జనవరి చివర్లో ఈజిప్టు తీరంలో అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ సామర్థ్యం సగం పడిపోయింది. 2024 ఫిబ్రవరిలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల క్షిపణి తగిలిన ‘రూబీమార్’ ఓడను సిబ్బంది వదిలేస్తే, అది ఎర్ర సముద్రంలో లంగరు ఈడ్చుకుంటూ కొట్టుకుపోయింది. కేబుళ్లు తెగడానికి కారణం అదేనని చాలామంది నిపుణుల అభిప్రాయం. అప్పుడు అతకడానికి వెళ్లే నౌకకు యెమెన్‌లో ఎవరి అనుమతి తీసుకోవాలన్నదే పెద్ద తలనొప్పి అయింది, అక్కడ ప్రభుత్వమని చెప్పుకునేవాళ్లు ఇద్దరున్నారు మరి. 2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర మళ్లీ రెండు కేబుళ్లు తెగి, మన దేశంలోనూ ఇంటర్నెట్ మందగించింది.

విశాఖకు నేరుగా కేబుళ్లు రావడం మంచి పరిణామమే. ఎక్కువ తీగలు ముంబై, చెన్నైల్లోనే ఒడ్డెక్కడం ఎప్పుడూ ప్రమాదమే, మరో పెద్ద ద్వారం ఉండాలి. కానీ ఆ కేబుళ్లు విశాఖ ఒడ్డు దాటి 22 కిలోమీటర్లు వెళ్లాక ఎవరి రక్షణలో ఉంటాయి? 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కీలక టెలికాం వ్యవస్థను దెబ్బతీసినవారికి మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా అంటోంది. దేశం వెలుపల చేసిన నేరాలకూ వర్తిస్తానంటోంది. కాగితం మీద బాగానే ఉంది. హెల్సింకీ కోర్టు ముందుకు వెళ్లిన ప్రాసిక్యూటర్ల చేతుల్లోనూ ఫిన్లాండ్ శిక్షాస్మృతి ఉంది. 97వ అధికరణం ముందు అది నిలబడలేదు. మన దేశం 1995లోనే ఆ ఒప్పందానికి ఆమోదం తెలిపింది.

ఈ చిక్కు మనకు కొత్త కూడా కాదు. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి 20.5 నాటికల్ మైళ్ల దూరంలో ‘ఎన్రికా లెక్సీ’ అనే ఇటలీ చమురు నౌక మీది మెరైన్లు ఇద్దరు భారతీయ మత్స్యకారులను కాల్చి చంపారు. కొల్లం జిల్లా నీండకర కోస్టల్ పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. ఏడాది తిరక్కుండా సుప్రీంకోర్టు, ఇది కేరళ పరిధి కాదు, కేంద్రం చూసుకోవాలంది. కేసు హేగ్ దాకా వెళ్లింది. మెరైన్లకు రక్షణ ఉంది కాబట్టి భారత్ వాళ్లను విచారించడానికి వీల్లేదని 2020లో ట్రిబ్యునల్ తేల్చింది. 10 కోట్ల రూపాయల పరిహారం జమయ్యాక 2021 జూన్‌లో కేసు మూతపడింది. రెండు నిండు ప్రాణాలు, కళ్లెదుట సాక్షులు ఉన్న కేసుకే తొమ్మిదేళ్లు పట్టింది. సముద్రం అడుగున చీకట్లో తెగిన తీగకు ఎన్నేళ్లు పడుతుందో మీరే ఆలోచించండి.

మరో సంగతి, మరమ్మతు. కేబుల్ బాగుచేసే నౌక భారత జెండాతో ఒక్కటీ లేదని ట్రాయ్ 2023 నాటి ఆ సిఫారసుల్లోనే చెప్పింది. విదేశీ నౌక రావాలి, దానికి అనుమతులు కావాలి. తైవాన్‌కు చెందిన మాత్సు దీవుల్లో 2023 ఫిబ్రవరిలో వారం లోపే రెండు కేబుళ్లూ తెగితే, బాగుచేసే ఓడ వచ్చేదాకా అక్కడి జనం దాదాపు 50 రోజులు మైక్రోవేవ్ సిగ్నల్‌తో సర్దుకున్నారు. చైనా ఓడలే కారణమని అనుమానించినా, కావాలనే తెంపారని తైవాన్ ప్రభుత్వం నేరుగా అనలేకపోయింది. తెంపినవాడికి దక్కే లాభం ఆ 50 రోజులే. అతికే ఓడ దగ్గర్లో ఉంటే ఆ లాభం సగానికి సగం తగ్గుతుంది. యుద్ధనౌకల కంటే ఇది ఎంతో చౌక.

ఇక మీ ఓటర్ల మాట. విశాఖ, కాకినాడ హార్బర్ల నుంచి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం తప్ప ఏడాదంతా బోట్లు వేటకు పోతాయి. కేబుళ్లు వచ్చాక, ఫలానా చోట వల వేయొద్దు, లంగరు దించొద్దు అని ఎవరో ఒకరు నోటీసు అంటిస్తారు. ఆస్ట్రేలియా 2007లోనే సిడ్నీ, పెర్త్ తీరాల్లో ఇలాంటి రక్షణ మండళ్లు ప్రకటించింది. ఆ పని ఇక్కడా జరగాలి, కానీ మత్స్యకారుణ్ణి ముందే దొంగను చేసి కాదు. సముద్ర చట్ట ఒప్పందంలోనే 115వ అధికరణం ఉంది. కేబుల్‌ను కాపాడటానికి మత్స్యకారుడు తన వలనో లంగరునో కోసి వదిలేసుకున్నట్టు రుజువైతే, అతని తప్పు లేకుంటే, ఆ నష్టం కేబుల్ యజమానే భరించాలి. 1884 పారిస్ ఒప్పందం నాటి నుంచీ ఉన్న నియమం ఇది. వలకు ఏదో బరువుగా తగిలిందని, కోసేసి ఒడ్డుకు చెబితే డబ్బు వస్తుందని విశాఖ దగ్గరి మంగమారిపేట బోటు సరంగుకు తెలిస్తే, అంతకు మించిన కాపలా ఏ ఉపగ్రహమూ కాయదు. తెలుగులో ఈ ముక్క రాసి హార్బర్లలో పెట్టించడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

ఓడల మీద పనికి పోయే కుర్రాళ్లు కూడా మీవాళ్లే. ఉత్తరాంధ్రలో ఏజెంట్లకు డబ్బు కట్టి ఏ ఓడ దొరికితే ఆ ఓడ ఎక్కేవాళ్లకు లోటు లేదు. జెండా ఎవరిదో, యజమాని ఎవరో తెలియని ఓడల్లో ఏదైనా జరిగితే, యజమాని కనిపించడు, సరుకు సొంతదారు కనిపించడు. పరాయి దేశంలో నెలల తరబడి కదలనివ్వకుండా ఉంచేది నౌక అధికారులనే. ఈగిల్ ఎస్ కేసులో జరిగిందీ అదే. ఏ ఓడ ఎక్కకూడదో చెప్పే జాబితాను నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ తెలుగులోనూ ప్రకటించాలని మీరు గట్టిగా అడగవచ్చు.

పార్లమెంటు తదుపరి సమావేశాల్లో మీలో ఒక్కరైనా ఈ ప్రశ్న లిఖితపూర్వకంగా వేయాలని మనవి: విశాఖ తీరానికి 30 నాటికల్ మైళ్ల దూరంలో విదేశీ జెండా ఉన్న ఓడ లంగరు మన కేబుల్‌ను తెంపితే, ఆ ఓడను ఆపే అధికారం ఎవరికి ఉంది, కేసు ఏ పోలీస్ స్టేషన్‌లో, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద నమోదవుతుంది, తెగిన కేబుల్‌ను అతకడానికి ఏ ఓడ ఎన్ని రోజుల్లో వస్తుంది? మంత్రిగారి జవాబు వచ్చాక, దయచేసి దాన్ని తెలుగు పత్రికలకు కూడా పంపండి.

ఇట్లు,
ఒక తెలుగు పాత్రికేయుడు